రిపోర్టులో లేని అలర్జీ ముక్కులో ఎలా ఉంటుంది?

మా అమ్మ పొద్దున లేచి బొంత దులిపి మడత పెట్టిందంటే ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. తుమ్ములు వరుసగా ఎనిమిది, తొమ్మిది దాకా వస్తాయి. కొంగుతో ముక్కు ఒత్తుకుంటూ మెట్ల మీద కూర్చుంటుంది, కళ్ల వెంట నీళ్లు కారుతుంటాయి, పావుగంటలో తుమ్ములు ఆగుతాయి కానీ ముక్కు ఒకవైపు పూర్తిగా మూసుకుపోతుంది. మధ్యాహ్నానికి కాస్త తెరుచుకున్నట్టే ఉండి, సాయంత్రం మళ్లీ దిబ్బడ. పదేళ్ల పైనుంచి ఇదే తంతు. చుట్టాలంతా "సైనస్ ఉంది" అని తేల్చేశారు. ఒకాయన "ముక్కుల బొక్క పెరిగింది, కోయించాలె" అన్నాడు, బొక్క అంటే ఎముక.

చివరికి అలర్జీ టెస్టు చేయించాం. ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో గీకే టెస్టు ఒకటి, రక్తం తీసి చేసేది ఒకటి. దుమ్ము, పుప్పొడి, బొద్దింకలు, పిల్లి వెంట్రుకలు, బూజు అన్నీ చూశారు. ఒక్కదానికీ రియాక్షన్ లేదు. రిపోర్టు చేతిలో పెట్టి "అలర్జీ ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నారు. ఇంటికొచ్చాక అమ్మ అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఏం లేదని రాసిండ్రు గదా బిడ్డా, మరి ఈ తుమ్ములెక్కడివి?"

న్యాయమైన ప్రశ్న. జవాబు వెతుక్కుంటూ పోతే ఒక విషయం తెలిసింది. ఇంత ముఖ్యమైనది మామూలు జనం దాకా ఎందుకు రాలేదా అని బాధేసింది కూడా. ఆ టెస్టులు చేతి చర్మంలో, రక్తంలో అలర్జీ ఉందా అని చూస్తాయి. ముక్కులో ఉందా అని ముక్కును ఎవరూ అడగలేదు. కొంతమందిలో అలర్జీ ముక్కు లోపలి పొరలోనే పుట్టి, అక్కడే పనిచేసి, రక్తంలో గానీ చర్మంలో గానీ ఆనవాలు లేకుండా ఉండిపోతుంది. డాక్టర్లు దీన్ని లోకల్ అలర్జిక్ రైనైటిస్ అంటారు.

అసలు అలర్జీ అంటే ఏం జరుగుతుందో ముందు చూద్దాం, లేకపోతే మిగతాది అర్థం కాదు. మన రక్షణ వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీల్లో ఐజీఈ అని ఒక రకం ఉంది. 1960ల చివర్లో ఇషిజాకా దంపతులు అమెరికాలో, యోహాన్సన్, బెన్నిచ్ అనే ఇద్దరు స్వీడన్‌లో విడివిడిగా దీన్ని కనిపెట్టారు. రక్తంలో ఇది చాలా తక్కువ మోతాదులో ఉంటుంది, రెండు మూడు రోజుల్లో సగానికి తగ్గిపోతుంది కూడా. కానీ ఒకసారి మాస్ట్ కణాల మీద అతుక్కుందంటే వారాల తరబడి అక్కడే కూర్చుంటుంది. ముక్కు పొరలో ఈ మాస్ట్ కణాలు పుష్కలంగా ఉంటాయి, ఒక్కో కణం కడుపు నిండా హిస్టమిన్ అనే రసాయనం సంచులు. ఉదాహరణకు పరుపుల్లో, బొంతల్లో కంటికి కనిపించకుండా బతికే దుమ్ము పురుగు రెట్టలోని ప్రొటీను వచ్చి, దాని కోసమే తయారైన ఐజీఈని తగిలిందనుకోండి, నిమిషాల్లో ఆ సంచులు పగులుతాయి. హిస్టమిన్ నరాలను తాకితే దురద, తుమ్ములు. గ్రంథులు రేగితే నీళ్లలా ముక్కు కారుతుంది. రక్తనాళాలు ఉబ్బితే దిబ్బడ. అంతటితో అయిపోదు, నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత ఇంకో విడత మొదలవుతుంది. ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఆ చోటికి చేరి పొరను వాచేలా చేస్తాయి. పొద్దున తుమ్మిన మనిషికి సాయంత్రం ముక్కు మూసుకుపోవడం వెనక ఉండే కారణాల్లో ఇదొకటి. మా అమ్మ సాయంత్రం దిబ్బడను మేం ఎన్నడూ పొద్దుటి బొంతతో ముడిపెట్టి చూడలేదు.

మరి ఈ ఐజీఈ ఎక్కడ తయారవుతుంది? ఎక్కడో శోషరస గ్రంథుల్లో తయారై, రక్తంలో కలిసి, అక్కణ్నుంచి ముక్కుకు, చర్మానికి, ఊపిరితిత్తులకు చేరుతుందని చాలాకాలం అనుకున్నారు. అదే నిజమైతే చేతి మీద గీకినా తెలియాలి, రక్తం తీసినా తెలియాలి. టెస్టులన్నీ ఈ లెక్క మీదే నడుస్తున్నాయి. తర్వాత ముక్కు పొర నుంచి చిన్న ముక్క తీసి పరిశీలిస్తే, అక్కడి బీ కణాలే, అంటే యాంటీబాడీలకు మూలమైన తెల్లకణాలే, ఐజీఈ తయారు చేసే కణాలుగా మారుతున్న ఆనవాళ్లు దొరికాయి. అంటే ముక్కే సొంతంగా ఫ్యాక్టరీ పెట్టుకుంది. అక్కడ తయారైన ఐజీఈ ముందు పక్కనే ఉన్న మాస్ట్ కణాలకు అతుక్కుంటుంది, మిగులు ఉంటే రక్తంలోకి పోతుంది, అక్కణ్నుంచి చర్మానికి. మా ఊళ్లో చెరువు నిండి మత్తడి దుంకితేనే కింది కాలువలోకి నీళ్లొస్తాయి. కాలువ ఎండి ఉందని చెరువులో చుక్క లేదని చెప్పలేం కదా. ముక్కు ఎందుకు పొంగదు, ఐజీఈ అక్కడే ఎందుకు ఆగిపోతుంది అన్నదానికి పరిశోధకులు ఇచ్చే వివరణల్లో ఇదొకటి.

ఇది నిన్న మొన్నటి ఊహ కాదు. 1975లోనే హగిన్స్, బ్రోస్టాఫ్ అనే ఇద్దరు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు, చర్మం టెస్టులో ఏమీ రాని రోగుల ముక్కు స్రావాల్లో దుమ్ము పురుగు మీద పనిచేసే ఐజీఈ దొరికిందని. తర్వాత చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2007 నుంచి స్పెయిన్‌లోని మాలగా నగరంలో కార్మెన్ రోండాన్ బృందం దీన్ని గట్టిగా పట్టుకుంది. వాళ్లు చేసిన పని చాలా సూటిగా ఉంది. అలర్జీ లేదని తేలిన రోగి ముక్కులోనే దుమ్ము పురుగు సారాన్నో పుప్పొడి సారాన్నో కొలిచి కొద్దిగా వేశారు, ఏం జరుగుతుందో చూశారు. తుమ్ములు ఎన్ని, ముక్కు ఎంత మూసుకుంది, స్రావంలో మాస్ట్ కణాలు పగిలిన గుర్తులు ఎన్ని పెరిగాయి అని లెక్క కట్టారు. దీన్ని నేజల్ ప్రొవొకేషన్ టెస్టు అంటారు, లోకల్ అలర్జీని తేల్చడానికి నమ్మదగ్గ దారి ఇదే. ముక్కు కడిగిన నీళ్లలో ఐజీఈ వెతికే పద్ధతి కూడా ఉంది గానీ సగానికి పైగా రోగుల్లో అది దొరకదు, కాబట్టి అక్కడ లేదని వచ్చినా లేనట్టు కాదు.

అదే బృందం 2012లో ప్రచురించిన లెక్క ప్రకారం, ముక్కు బాధతో వచ్చిన 428 మందిని ఇలా పరీక్షిస్తే 25.7 శాతం మందిది లోకల్ అలర్జీ. నాలుగో వంతు! ఇది స్పెయిన్ లెక్క, మనకు అచ్చంగా వర్తిస్తుందని నేననను. వాళ్ల గాలిలో ఆలివ్ చెట్ల పుప్పొడి, గడ్డి పుప్పొడి ఉంటాయి, మన గాలి వేరు. అయినా "రిపోర్టు నిల్, కాబట్టి అలర్జీ నిల్" అనే మాట అంత తేలిగ్గా అనకూడదని చెప్పడానికి ఆ అంకె చాలు. ఇది మామూలు అలర్జీకి తొలిమెట్టేమో, నాలుగేళ్లాగితే రక్తంలో కూడా కనిపిస్తుందేమో అని కొందరు అనుకున్నారు. పదేళ్ల పాటు రోగులను వెంబడించి చూశారు. ఒళ్లంతా అలర్జీగా మారింది పది శాతం లోపే, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ దాదాపు అంతే. కాకపోతే ముక్కు బాధ మాత్రం ముదిరింది, ఉబ్బసం వచ్చినవాళ్లు పెరిగారు. ఇది నాకు నిజంగా ఆందోళన కలిగించిన భాగం, ఎందుకంటే మనవాళ్లు తుమ్ములను జబ్బు కిందే లెక్కపెట్టరు.

ఇక్కడ టెస్టుల గురించి రెండు మాటలు చెప్పాలి. సూది టెస్టుకు పోయే ముందు సెట్రిజిన్ లాంటి మాత్రలు దాదాపు వారం రోజులు ఆపాలి. ముందు రాత్రి మాత్ర వేసుకుని పోతే చేతి మీద దద్దురు రాదు, అలర్జీ ఉన్నా లేదనే వస్తుంది. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. రక్తం టెస్టుకు ఈ బాధ లేదు. రెండోది, "నాకు ఐజీఈ ఆరొందలు ఉంది" అని కొందరు రిపోర్టు చూపిస్తారు. అది మొత్తం ఐజీఈ, కడుపులో నులిపురుగులు ఉన్నా పెరుగుతుంది, దేనికి అలర్జీ అన్నది దాంతో తెలియదు. ఆ అంకె మామూలుగా ఉన్నంత మాత్రాన అలర్జీ లేదని కూడా కాదు. పనికొచ్చేది ఫలానా దుమ్ము పురుగుకు, ఫలానా పుప్పొడికి అని విడివిడిగా చూసే టెస్టు.

ఇక మన వరంగల్ సంగతికొద్దాం. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి బస్తాలతో నిండే ఎనుమాముల మార్కెట్ పక్క నుంచి బండి మీద పోయినవాళ్లకు చెప్పక్కర్లేదు, యార్డు గేటు దాటకముందే ముక్కులోంచి నీళ్లు. లోపల బస్తాలు విప్పి కుప్పలు పోసే హమాలీలు, తాలు కాయలు ఏరే ఆడవాళ్లు ముఖానికి టవల్ కట్టుకునే పనిచేస్తారు. అందరూ దీన్ని "మిర్చి అలర్జీ" అంటారు. ఎక్కువ మందిలో ఇది అలర్జీ కానే కాదు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నేరుగా ముక్కులోని నొప్పి నరాల మీద పనిచేస్తుంది, వేడి తగిలితే మోగే గంటనే ఇదీ మోగిస్తుంది. ఐజీఈతో పని లేదు, మాస్ట్ కణంతో పని లేదు. అందుకే ఘాటు ఎక్కువుండే తేజ రకం మిర్చి దగ్గర అందరికీ తుమ్ములొస్తాయి, రంగు ఎక్కువ ఘాటు తక్కువ ఉండే మన చపాటా దగ్గర అంతగా రావు. అలర్జీ అయితే పదిమందిలో ఒకరిద్దరికి వస్తుంది, ఘాటు అయితే అందరికీ వస్తుంది, ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. ఇంకో ఆశ్చర్యం, ఏ కారణమూ దొరకని ముక్కు కారుడుకు ఇదే క్యాప్సైసిన్‌ను కొలతగా, మత్తు మందిచ్చి ముక్కులో పదేపదే వేస్తే నరాలు చల్లబడి బాధ తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. దయచేసి ఎవరూ ఇంట్లో కారంతో ఈ ప్రయోగం చేయకండి, అది డాక్టర్ చేతిలో జరిగే పని.

పత్తి కూడా అంతే. జిన్నింగ్ మిల్లుల్లో ఎగిరే దూది దుమ్ములో బాక్టీరియా విషపదార్థాలు ఉంటాయి, అవి ఛాతీ పట్టేసేలా చేస్తాయి, సెలవు తర్వాత పనికి పోయిన మొదటి రోజు ఎక్కువ అవుతుంది. అదీ ఐజీఈ అలర్జీ కాదు. గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గు దుమ్ము, కరీంనగర్ గ్రానైట్ పొడి పొరను రాపిడి పెట్టేవే. కానీ వీటన్నిటి మధ్యలో అసలైన అలర్జీ కారకాలు కూడా ఉన్నాయి, అదే చిక్కు. చెరువు కట్టల మీద, బీడు భూముల్లో పెరిగిన సర్కారు తుమ్మ పుప్పొడి, ఖాళీ ప్లాట్ల నిండా తెల్లపూలతో నిలబడే వయ్యారిభామ, వానకాలంలో గోడకు పట్టే బూజు, వంటింటి బొద్దింకలు, అన్నిటికంటే మించి పరుపులో, దిండులో, బొంతలో ఉండే దుమ్ము పురుగులు. ఇవి కంటికి కనిపించవు, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి, గాలిలో తేమ ఎక్కువుంటే బాగా పెరుగుతాయి. ఘాటు దుమ్ముతో ఇప్పటికే పుండులా ఉన్న పొర మీద ఇవి పడితే బాధ రెండింతలు. ఒకే మనిషిలో రెండూ కలిసి ఉండొచ్చు, కాబట్టి "నీది దుమ్ము వల్లనా, అలర్జీ వల్లనా" అని ఒక్కటే ఎంచుకోమనడం సరికాదు.

ఇప్పుడు అసలు ముడి. తుమ్ములు ఏళ్ల తరబడి సాగితే ఏమవుతుంది? ముక్కు దిబ్బడ, చీమిడి, ముఖంలో బరువు, వాసన తగ్గడం, వీటిలో రెండైనా పన్నెండు వారాలు దాటి ఉంటే, అందులో ఒకటి దిబ్బడో కారుడో అయితే, దాన్ని దీర్ఘకాలిక రైనోసైనసైటిస్, అంటే ముక్కుతో పాటు దాని చుట్టూ ఉండే సైనస్ గదులు కూడా వాచే జబ్బు అనుకోవచ్చు. లోపలికి చూసో స్కాన్ తీసో నిర్ధారిస్తారు. అలర్జీయే దీన్ని పుట్టిస్తుందా అన్నది డాక్టర్ల మధ్య ఇప్పటికీ వాదనే, అందరిలో అలా జరగదు. కానీ ముక్కులో కండ పెరిగిన రోగుల్లో, అంటే పాలిప్స్ ఉన్నవాళ్లలో, ఒక విచిత్రం కనిపించింది. బెల్జియంలోని గెంట్ నగరంలో బాకర్ట్ బృందం ఆ కండను పరీక్షిస్తే అందులో ఐజీఈ విపరీతంగా ఉంది. రోగికి చర్మం టెస్టులో ఏమీ రాకపోయినా ఉంది. అందులో కొంత స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా విషాల మీద తయారైంది. ఈ బాక్టీరియా చాలామంది ముక్కుల్లో ఊరికే కాపురముంటుంది, కానీ దాని విషాలు రక్షణ కణాలను ఒక్కసారిగా, గుంపుగా రెచ్చగొట్టి రకరకాల ఐజీఈలు తయారు చేయిస్తాయి. అంటే బయటి దుమ్ము ఆపినా లోపలి మంట ఆరదు. దీనికి బలమైన సాక్ష్యం 2013లో వచ్చింది. ఐజీఈని కట్టడి చేసే ఒమలిజుమాబ్ ఇంజెక్షన్ ఇస్తే పాలిప్స్ అలర్జీ టెస్టు పాజిటివ్ వాళ్లలోనూ తగ్గాయి, నెగటివ్ వాళ్లలోనూ తగ్గాయి. 2020లో అమెరికాలో పాలిప్స్‌కు ఆ మందుకు అనుమతి కూడా వచ్చింది. ఖరీదైన మందు, అందరికీ కాదు, కానీ అది చెప్పిన సత్యం మాత్రం అందరికీ పనికొస్తుంది.

ఇంకొకటి, మన లాంటి వేడి ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించేది, ఫంగస్ అలర్జీతో వచ్చే సైనస్ జబ్బు. గాలిలో ఎగిరే ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు సైనస్ గదుల్లో చేరితే శరీరం దాని మీద అలర్జీ యుద్ధం చేస్తుంది, వేరుశనగ ముద్దలా చిక్కగా జిగటగా ఉండే శ్లేష్మం గదులను నింపేస్తుంది. దీనికి చాలావరకు ఆపరేషన్, తర్వాత స్టెరాయిడ్ మందులు కావాలి. 2021లో కోవిడ్ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్ వేరు, అది కండను, ఎముకను తినుకుంటూ పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ముఖం ఒకవైపు నొప్పి, కన్ను వాపు, చూపు మసక వస్తే అదే రోజు ఆస్పత్రికి పోవాలి. ఒకవైపే ఎప్పుడూ దిబ్బడ, ఒకవైపే రక్తం పడుతున్నా ఆగకుండా చూపించుకోవాలి, అలర్జీ ఎక్కువగా రెండు వైపులనూ పట్టుకుంటుంది.

వైద్యం గురించి నేను చూసిన తప్పుల్లో అతి పెద్దది ముక్కు చుక్కలు. జైలోమెటాజోలిన్ రకం చుక్కలు వేస్తే రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, అందుకే జనం నెలల తరబడి జేబులో పెట్టుకుని తిరుగుతారు. వారం దాటితే అవే ముక్కును మూసేస్తాయి, చుక్క లేనిదే ఊపిరాడదు. రెండోది, మాంటెలుకాస్ట్ అనే మందు కలిపిన అలర్జీ మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం. నిద్ర పాడవడం, దిగులు, పిల్లల్లో ప్రవర్తన మారడం లాంటివి చూసి 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద అతి గట్టి హెచ్చరిక పెట్టింది, మామూలు ముక్కు అలర్జీకి వేరే మందులు పనిచేయనప్పుడే వాడమంది. మరి ముందు వాడాల్సింది? ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనగానే భయపడతారు, కానీ ఈ మోతాదు చాలావరకు ముక్కులోనే పనిచేస్తుంది. అలర్జీ లోకల్ అయినా కాకపోయినా దీనికి పని ఉంటుంది. చిక్కల్లా కొట్టే పద్ధతిలో ఉంది. తల వెనక్కి వాల్చి, ముక్కు మధ్య గోడలా ఉండే దూలం మీదకు కొట్టి, గట్టిగా పీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది, దూలం గీసుకుని రక్తం కూడా వస్తుంది. తల కాస్త ముందుకు వంచాలి. కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో, స్ప్రే సీసా మూతిని కంటి బయటి మూల వైపు తిప్పి కొట్టాలి, మెల్లగా పీల్చాలి. రెండు మూడు రోజులకే తేడా లేదని ఆపేయకూడదు, పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టొచ్చు. దానికి ముందు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటే మందు పొరకు బాగా తగులుతుంది, నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే కావాలి.

అలర్జీ ఇంజెక్షన్ల కోర్సు లోకల్ అలర్జీలో కూడా పనిచేస్తుందని దుమ్ము పురుగు, గడ్డి పుప్పొడి మీద జరిగిన పరీక్షల్లో తేలింది. కానీ దేనికి అలర్జీయో తేలకుండా మూడేళ్ల కోర్సు మొదలుపెట్టడం డబ్బు పారబోసుకోవడమే. ముక్కులో వేసి చూసే టెస్టు మన దగ్గర చేసే చోట్లు తక్కువ. మరి అది దొరక్కపోతే? మా అమ్మను చివరికి చూసిన ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులో దుర్బీనుతో చూశాక మందు రాయడానికి ముందు ఒక నోటుబుక్కు పెట్టమన్నాడు. ఏ టైముకు తుమ్ములు, ఏ గదిలో, ఏం చేస్తుంటే, ఊరు మారితే ఎలా ఉంది అని. నెల రోజులు నేనే రాశాను. నర్సంపేటలో పిన్ని ఇంట్లో సిమెంటు గచ్చు మీద చాప వేసుకుని పడుకున్న నాలుగు రోజులు ఒక్క తుమ్ము లేదు, ఇంటికొచ్చి తన బొంత కప్పుకున్న మర్నాడు మళ్లీ తొమ్మిది. దసరాకు ముందు బూజులు దులిపిన రోజు కింద "రాత్రి ఊపిరాడలేదు" అని రాసి ఉంది.

ఆమెది లోకల్ అలర్జీయేనని ముక్కు టెస్టు చేసి ఎవరూ తేల్చలేదు, నేనూ అలా చెప్పుకోను. కానీ ఆ పుస్తకం చూసి డాక్టర్ దుమ్ము పురుగు మీదే అనుమానం పెట్టి స్ప్రే రాశాడు, దుప్పట్లు వారానికోసారి మసిలే నీళ్లలో నానబెట్టి ఎండకు వేయమన్నాడు, దిండుకు జిప్పు ఉన్న గట్టి నేత గలీబు తొడగమన్నాడు. చీరముక్కలు పొరలు పొరలుగా కలిపి అమ్మమ్మ కుట్టిన పాత బొంత ఒకటి ఉండేది, ముప్పై ఏళ్ల నాటిది, దాన్ని తీసేయడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడది నైలాన్ సంచిలో చుట్టి అటక మీద ఉంది. స్ప్రే మొదలుపెట్టిన మూడో వారంలో ఒకరోజు వంటింట్లోంచి పిలిచి, పోపులో ఇంగువ వాసన వస్తోందని చెప్పింది.